కుక్కలు, పిల్లుల పళ్ళ సంరక్షణ: ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

కుక్క ముద్దుగా ముఖం దగ్గరికి వచ్చినప్పుడు కంపుకు తల తిప్పుకొని, దాని నోరు అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకునే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోరు గానీ పిల్లి నోరు గానీ అలా కంపు కొట్టదు. తిన్న తిండి వాసన కాసేపు ఉండవచ్చు గానీ, రోజంతా వదలని కుళ్ళు వాసన వస్తున్నదంటే చిగుళ్ళ కింద సూక్ష్మజీవులు స్థిరపడ్డాయని, పంటిని పట్టి ఉంచే ఎముక మెల్లగా కరిగిపోతున్నదని అనుమానించాలి. మూడేళ్ళు దాటిన కుక్కల్లో, పిల్లుల్లో అత్యధిక భాగానికి చిగుళ్ళ జబ్బు ఏదో ఒక స్థాయిలో మొదలై ఉంటుంది. ఇంత విస్తారంగా ఉన్న ఈ జబ్బును చాలావరకు ఇంటి దగ్గరే నివారించవచ్చు. అందుకు కావలసినవి రోజుకు రెండు నిమిషాల సమయం, కొంత ఓపిక, ఒక చిన్న బ్రష్షు. ఆ రెండు నిమిషాల్లో పళ్ళు శుభ్రపడటమే కాక చిగుళ్ళ రంగు, నాలుక తడి, నోటి వాసన రోజూ మీ దృష్టికి వస్తాయి కనుక, రక్తహీనత మొదలు మూత్రపిండాల జబ్బు వరకు ఎన్నో సమస్యల తొలి జాడ అక్కడే దొరుకుతుంది. పెంచుకున్న జీవి కోసం మనం చేయగలిగిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

పంటి మీద ఏం జరుగుతుంది

కుక్కకు 28 పాలపళ్ళు వచ్చి, అవి ఊడిపోయి 42 శాశ్వత పళ్ళు వస్తాయి. పిల్లికి పాలపళ్ళు 26, శాశ్వత పళ్ళు 30. పాలపళ్ళు సుమారు మూడు నాలుగు వారాల వయసులో మొలుస్తాయి. మూడో నెల దాటాక ఒక్కొక్కటిగా ఊడుతూ, ఆరేడు నెలలకల్లా శాశ్వత పళ్ళు పూర్తిగా వచ్చేస్తాయి. ఈ మార్పిడి కాలంలో ఒక విషయం గమనించాలి. ఒకే చోట పాలపన్ను, శాశ్వత పన్ను రెండూ పక్కపక్కన ఉండకూడదు. పొమెరేనియన్, షిట్జు వంటి చిన్న జాతుల్లో కోరపళ్ళ దగ్గర పాలపన్ను ఊడకుండా మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది. ఆ రెండింటి సందులో తిండి ఇరుక్కొని చిన్న వయసులోనే చిగురు పాడవుతుంది, కొత్త పన్ను వంకరగా మొలుస్తుంది. ఆరు నెలల తర్వాత కూడా పాలపన్ను కనిపిస్తే పశువైద్యుడికి చూపించి తీయించడం మంచిది.

శుభ్రంగా ఉన్న పంటి మీద కొన్ని గంటల్లోనే సూక్ష్మజీవులతో కూడిన మెత్తని జిగట పొర ఏర్పడుతుంది. ఇదే పాచి. ఈ దశలో తడి గుడ్డతో తుడిచినా పోతుంది. రెండు మూడు రోజులు అలాగే వదిలేస్తే లాలాజలంలోని ఖనిజ లవణాలు దానిలో చేరి, గట్టిపడి, పసుపు లేక గోధుమ రంగు గారగా మారుతుంది. అప్పుడిక ఏ బ్రష్షుకూ లొంగదు. కుక్కల, పిల్లుల లాలాజలానికి మన లాలాజలం కంటే క్షార గుణం ఎక్కువ. అందువల్ల కుక్కలకు పుప్పిపళ్ళు అరుదు, పిల్లులకు దాదాపు రావు, కానీ గార మాత్రం త్వరగా పడుతుంది. పళ్ళు రోజూ తోమాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. వారానికి ఒకసారి తోమేవారు, ఆ సరికే గట్టిపడిపోయిన గార మీద బ్రష్షు తిప్పుతున్నారన్నమాట.

జబ్బు మొదటి దశలో చిగురు అంచు ఎర్రబడి కొద్దిగా వాస్తుంది. ఇక్కడ జాగ్రత్తపడితే చిగురు పూర్తిగా మామూలు స్థితికి వస్తుంది. తర్వాతి దశలో చిగురు కింద లోతైన సందులు ఏర్పడి ఎముక కరుగుతుంది. పోయిన ఎముక సాధారణంగా తిరిగి రాదు. చిన్న జాతి కుక్కల కింది దవడ సన్నగా ఉండి, పంటి వేళ్ళు అందులో చాలా భాగం ఆక్రమిస్తాయి కనుక, జబ్బు ముదిరితే సోఫా మీది నుంచి దూకినా దవడ విరిగే ప్రమాదం ఉంటుంది. పై కోరపంటి చుట్టూ ఎముక కరిగితే నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం పడి, కుక్క ఎడతెగకుండా తుమ్ముతుంది, ఒకవైపు ముక్కు కారుతుంది. దీన్ని జలుబు అనుకొని మందులు వేసే వాళ్ళున్నారు. చీము పట్టిన చిగుళ్ళ నుంచి సూక్ష్మజీవులు రక్తంలో కలుస్తాయి. ముదిరిన చిగుళ్ళ జబ్బు ఉన్న కుక్కల్లో గుండె, కాలేయం, మూత్రపిండాల్లో కూడా మార్పులు ఎక్కువగా కనిపిస్తాయని పశువైద్య పరిశోధనలు గుర్తించాయి. మధుమేహం ఉన్న జంతువులో నోరు పాడైతే చక్కెరను అదుపు చేయడం కష్టమవుతుంది.

బ్రష్షు పట్టే ముందు

ముందుగా ఉన్న పరిస్థితి చూడాలి. వెలుతురు బాగా ఉన్న చోట జంతువును పక్కన కూర్చోబెట్టుకొని, దాని నోరు తెరవకుండానే పై పెదవిని బొటనవేలితో మెల్లగా పైకి ఎత్తండి. ముందు పళ్ళు, కోరపళ్ళు చూశాక పెదవి మూలను వెనక్కి జరిపితే పై దవడ వెనక పళ్ళు కనిపిస్తాయి; గార అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా పట్టేది అక్కడే. చిగురు అంచున ఎర్రని గీత, రక్తం, చీము, కదిలే పన్ను, విరిగిన పన్ను, గులాబీ లేక ఊదా లేక బూడిద రంగుకు తిరిగిన పన్ను, కంటి కింద వాపు ఉన్నాయేమో చూడండి. రంగు మారిన పంటిలో ప్రాణం చాలావరకు పోయి ఉంటుంది. కంటి కింద ఒకవైపు వాపు వచ్చిందంటే, పై దవడలోని పెద్ద పంటి వేరు దగ్గర చీముగడ్డ కట్టి ఉండవచ్చు.

వీటిలో ఏది కనిపించినా, పెదవి ఎత్తగానే జంతువు అరిచినా, బ్రష్షు ఆరోజే మొదలుపెట్టకూడదు. నొప్పి ఉన్న నోట్లో బ్రష్షు తిప్పితే అది జీవితాంతం బ్రష్షును నొప్పితో ముడిపెట్టుకుంటుంది, అప్పటికే పట్టిన గార పోదు కూడా. ముందు వైద్యం, ఆ తర్వాత అలవాటు.

మరొక హెచ్చరికను ప్రత్యేకంగా చెప్పాలి. రేబిస్ టీకా వేయించని కుక్కకు గానీ, ఎక్కడిదో తెలియని వీధి కుక్కకు గానీ చొంగ కారుతూ, దవడ వేలాడుతూ, మింగలేని స్థితి కనిపిస్తే, గొంతులో ఎముక ఇరుక్కుందేమో తీద్దామని నోట్లో చేయి పెట్టకండి. రేబిస్ పక్షవాత రూపంలో వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. ఆ కుక్క ఎవరినీ కరవకపోవచ్చు, చాలా దీనంగా ఉండవచ్చు. జాలిపడి దగ్గరికి వెళ్ళేవారు ఇక్కడే ప్రమాదంలో పడతారు. అటువంటి జంతువు లాలాజలం గాయం మీద, కంట్లో, నోట్లో పడినా, అది కరిచినా, గీరినా, ఆ చోటును పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి (కంట్లో, నోట్లో పడితే శుభ్రమైన నీటితో మాత్రమే కడిగి), వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం వంటివి పెట్టకూడదు.

అలవాటు చేసే పద్ధతి

తోమడం కష్టం కాదు, తోమించుకునేలా చేయడమే కష్టం. అందులోనూ చాలామంది మొదటిరోజే పేస్టు పెట్టిన బ్రష్షును నోట్లోకి తోసి, కుక్క విదిలించుకోగానే ఇది మా వల్ల కాదని వదిలేస్తారు. దీనికి రెండు నుంచి నాలుగు వారాల సమయం ఇవ్వండి. పిల్లలుగా ఉన్నప్పుడు, అంటే రెండు మూడు నెలల వయసులో మొదలుపెడితే ఇంకా సులభం. అప్పుడు పళ్ళు శుభ్రం చేయడం కంటే నోటి దగ్గర చేయి అలవాటు కావడమే లక్ష్యం.

మొదటి కొన్ని రోజులు రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చొని, జంతువు బుగ్గలను, మూతిని నిమరండి, పెదవి ఒక్కసారి ఎత్తి వదలండి, వెంటనే దానికి ఇష్టమైనది ఒక చిన్న ముక్క పెట్టండి. రాత్రి భోజనానికి ముందు వేళ అన్నిటికంటే అనుకూలం, ఎందుకంటే తోమిన వెంటనే భోజనం బహుమతిగా దొరుకుతుంది. ఆ తర్వాత జంతువుల పేస్టును వేలికొనకు కొద్దిగా రాసి నాకనివ్వండి. రుచి నచ్చాక, అదే వేలితో పై కోరపంటిని, దాని వెనక పళ్ళను ఒకటి రెండుసార్లు రుద్దండి. అభ్యంతరం లేకపోతే వేలికి శుభ్రమైన పలుచని నూలు గుడ్డ లేక గాయాలకు కట్టే గాజ్ గుడ్డ చుట్టి రుద్దండి. ఈ దశ కుదురుకున్నాకే బ్రష్షు రావాలి. ప్రతి దశలోనూ జంతువు విసుగుపడక ముందే మీరు ఆపాలి. అది పెనుగులాడి తప్పించుకున్నాక ఆపితే, పెనుగులాడితే చాలునని మనమే నేర్పినట్టు అవుతుంది.

బ్రష్షుకు మెత్తని పళ్ళుండాలి. పసిపిల్లల బ్రష్షు చాలా కుక్కలకు సరిపోతుంది, పిల్లికి అంతకంటే చిన్న తల ఉన్నది కావాలి. బ్రష్షును చిగురు అంచు వైపు సుమారు 45 డిగ్రీల వాలులో ఉంచి, చిన్న చిన్న వలయాలుగా తిప్పండి. పాచి పేరుకునేది పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర కనుక, పంటి మధ్యభాగం మెరిసేలా తోమడం కంటే ఆ గీత వెంట తోమడం ముఖ్యం. నోరు తెరిపించనవసరం లేదు. మూసిన నోట్లోనే, బుగ్గ లోపలి వైపు నుంచి పళ్ళ బయటి తలాన్ని తోమితే చాలు; లోపలి తలాన్ని నాలుక చాలావరకు శుభ్రంగా ఉంచుతుంది. పై దవడ వెనక పళ్ళు, ఆ తర్వాత కోరపళ్ళు, చివరికి మిగతావి. ఏదైనా కారణంగా కొన్ని క్షణాలే దొరికితే పై వెనక పళ్ళను మాత్రం వదలకండి. పెద్ద కుక్కకు బఠాణీ గింజంత పేస్టు సరిపోతుంది. పేస్టు కంటే రాపిడే పని చేస్తుంది కనుక, పేస్టు అయిపోయిన రోజున తడి బ్రష్షుతోనే తోమవచ్చు.

మొదటి వారంలో చిగుళ్ళ నుంచి కొద్దిగా రక్తం కనిపించవచ్చు; కొద్దిగా వాచిన చిగురు రోజూ తోమితే గట్టిపడుతుంది. వారం దాటాక కూడా రక్తం వస్తుంటే వైద్యుడికి చూపించాలి. కుక్క గుర్రుమన్నా, పళ్ళు చూపినా బలవంతం చేయకుండా ఒక దశ వెనక్కి వెళ్ళండి. ఈ పనిని పిల్లలకు అప్పగించకండి, ఎంత మంచి కుక్క అయినా సరే.

పిల్లుల విషయంలో

పిల్లిని ఎదురుగా కూర్చోబెట్టి తోమబోతే అది తప్పించుకుంటుంది. బల్ల మీద గానీ ఒడిలో గానీ మీకు వీపు ఆనించి కూర్చోబెట్టుకొని, ఎడమచేతి వేళ్ళతో తలను పైనుంచి తేలికగా పట్టుకొని, బొటనవేలితో పెదవి ఎత్తి, రెండో చేత్తో తోమండి. ఒక వైపు ఈరోజు, రెండో వైపు రేపు అనుకున్నా తప్పులేదు. మెడపట్టు పట్టి వేలాడదీయడం, గుడ్డలో బిగించి చుట్టి అణచడం వంటివి చేస్తే మరునాటి నుంచి బ్రష్షు డబ్బా చప్పుడుకే మంచం కింద దూరుతుంది.

పిల్లులకు రెండు ప్రత్యేకమైన నోటి జబ్బులున్నాయి. ఒకటి, చిగురు దగ్గర పన్ను దానంతటదే కరిగిపోవడం. ఇది పిల్లుల్లో చాలా సాధారణం. మొదట్లో పంటి మీద చిన్న ఎర్రని మచ్చలా కనిపించి, విపరీతమైన నొప్పి కలిగిస్తుంది. తోమడం దీన్ని ఆపలేదు, ఆ పన్ను తీయించడమే మార్గం. రెండోది, నోటి లోపలంతా, ముఖ్యంగా గొంతు దగ్గర, ఎర్రగా పుండుపడే దీర్ఘకాలిక వాపు. సొంత పంటి పాచికే శరీరం అతిగా స్పందించడం వల్ల వస్తుందని భావిస్తున్న ఈ జబ్బులో చాలా పళ్ళు, ఒక్కోసారి అన్ని పళ్ళూ తీయవలసి వస్తుంది. పళ్ళన్నీ తీస్తే ఎలా తింటుందని యజమానులు భయపడతారు. నొప్పి పోయాక ఆ పిల్లులు పళ్ళు లేకుండానే శుభ్రంగా తింటాయి, బరువు పెరుగుతాయి.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి వాసన చూసి వెనక్కి తగ్గడం, ముద్ద నోట్లోంచి జారవిడవడం, తల ఒకవైపు వంచి నమలడం, ఒళ్ళు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టకట్టడం, చొంగ కారడం కనిపిస్తే నోరు నొస్తున్నదని గ్రహించాలి.

వాడకూడని పేస్టులు, పొడులు

మనుషుల పేస్టు వాడవద్దు. కుక్కకూ పిల్లికీ పుక్కిలించి ఉమ్మడం తెలియదు కనుక, అందులోని ఫ్లోరైడు, నురగ పదార్థాలు రోజూ కడుపులోకి పోతాయి. కొన్ని పేస్టుల్లో, నోరు పుక్కిలించే ద్రవాల్లో, చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు తీవ్రమైన విషం; రక్తంలో చక్కెరను అమాంతం తగ్గించి, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉప్పు, బొగ్గుపొడి, కచికపొడి, వంటసోడా, పళ్ళపొడి మన ముందు తరాల వారు తమ పళ్ళకు వాడినవే అయినా జంతువులకు పనికిరావు: కొన్ని పంటి పై పొరను గీస్తాయి, కొన్ని కడుపులోకి పోయి హాని చేస్తాయి. పంటి నొప్పికి మనం పెట్టుకునే లవంగ నూనె పిల్లికి విషం. గోటితో, సూదితో, పాత పనిముట్లతో గారను గీకి తీయడం అన్నిటికంటే చెడ్డ పని; పైకి పన్ను తెల్లగా కనిపించినా గీతలు పడిన పంటి మీద పాచి మరింత త్వరగా పట్టి, అసలు జబ్బు చిగురు కింద అలాగే మిగులుతుంది.

పశువైద్యుల దగ్గర, జంతువుల దుకాణాల్లో కోడిమాంసం రుచితో దొరికే పేస్టులే వాడండి. తోమించుకోవడానికి ఎంతకూ ఒప్పుకోని జంతువుకు సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ కలిసిన జంతువుల జెల్లు గానీ ద్రవం గానీ వైద్యుడు సూచించవచ్చు. నమిలే బిళ్ళలు, పళ్ళ కోసం తయారుచేసిన మేత కొనేటప్పుడు అమెరికాలోని వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర ఉందేమో చూడండి. పాచి లేక గార తగ్గుతుందని పరీక్షల్లో తేలిన వాటికే ఆ ముద్ర ఇస్తారు. మామూలు పొడి మేత తింటే పళ్ళు వాటంతటవే శుభ్రపడతాయన్న మాటలో పెద్దగా నిజం లేదు. గింజ చాలావరకు పంటి కొన తగలగానే పగిలిపోతుంది, చిగురు అంచును తాకదు.

ఎముకల గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. వండిన ఎముక పెళుసుబారి ముక్కలై గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. గట్టి పచ్చి ఎముక, కొమ్ము ముక్క, గిట్ట కొరికితే పై దవడ పెద్ద పన్ను పలకగా చీలిపోతుంది. బొటనవేలి గోరుతో నొక్కితే గుంట పడనంత గట్టి వస్తువేదీ నమలడానికి ఇవ్వకూడదు. రాళ్ళు, ఇనుప కమ్ములు కొరికే అలవాటు ఉంటే ముందు ఆ కుక్క రోజంతా కట్టేసి ఉంటున్నదేమో ఆలోచించండి. నడక, ఆట, తోడు దొరికితే ఆ అలవాటు చాలావరకు తగ్గుతుంది.

ఆసుపత్రిలో శుభ్రం చేయించడం

గార పట్టాక దాన్ని తీయవలసింది పశువైద్యుడే, అదీ పూర్తి మత్తు ఇచ్చి. మత్తు లేకుండా పది నిమిషాల్లో పళ్ళు తెల్లగా చేస్తామన్న ప్రకటనలు నగరాల్లో కనిపిస్తాయి, దానికి ఒప్పుకోకండి. మెలకువగా ఉన్న జంతువు చిగురు కింద శుభ్రం చేయనివ్వదు, సందుల లోతు కొలవనివ్వదు, పంటి వేళ్ళకు ఎక్స్‌రే తీయనివ్వదు. జబ్బు ఉన్నది అక్కడే కనుక, పైపై మెరుగు యజమానిని మభ్యపెట్టడానికి తప్ప జంతువుకు పనికిరాదు. మత్తులో ఉన్నప్పుడు శ్వాసనాళంలో గొట్టం ఉంటుంది కాబట్టి నీళ్ళు, గార ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోవు.

మత్తు అంటే భయం సహజం. ఆ భయాన్ని వైద్యుడిని అడగవలసిన ప్రశ్నలుగా మార్చుకోండి. ముందు రక్తపరీక్ష చేస్తారా, గుండె వింటారా, సెలైన్ పెడతారా, మత్తులో ఉన్నంతసేపూ ఊపిరిని, గుండెను, శరీర ఉష్ణోగ్రతను గమనించే మనిషి ప్రత్యేకంగా ఉంటారా, పంటి ఎక్స్‌రే సౌకర్యం ఉందా, చివర్లో పళ్ళకు మెరుగు పెడతారా అని అడగండి. మెరుగు పెట్టకపోతే గరుకుగా మిగిలిన పంటి మీద పాచి తొందరగా చేరుతుంది. ఎన్ని గంటల ముందు నుంచి తిండి మాన్పించాలో వయసును, ఆరోగ్యాన్ని బట్టి వైద్యుడే చెప్పాలి. పళ్ళు తీసిన తర్వాత సుమారు రెండు వారాలు మెత్తని తిండి పెట్టి, నమిలే వస్తువులు దూరంగా ఉంచాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో ఉన్న పశువైద్య కళాశాలల ఆసుపత్రులు దగ్గరలో ఉన్నవారు అక్కడ కూడా సంప్రదించవచ్చు.

నొప్పి తగ్గుతుందని ఇంట్లోని మాత్ర వేయడం ప్రాణాంతకం. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు పెట్టి, మూత్రపిండాలను పాడుచేస్తాయి.

చిగుళ్ళ రంగు చెప్పే సంగతులు

రోజూ పెదవి ఎత్తే అలవాటు పడ్డాక మీ జంతువు చిగుళ్ళ మామూలు రంగు మీకు కంఠతా వస్తుంది. ఆరోగ్యకరమైన చిగురు లేత గులాబీ రంగులో తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్ళీ గులాబీ రంగుకు వస్తుంది. కొన్ని జాతులకు పుట్టుకతోనే నల్లని చిగుళ్ళుంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి.

చిగుళ్ళు పాలిపోతే రక్తహీనత అనుకోవాలి. మన ప్రాంతంలో కుక్కల్లో దీనికి ముఖ్య కారణం పిడుదుల ద్వారా వచ్చే జ్వరాలు. వాటిలో చిగుళ్ళ మీద సూది మొనలంత ఎర్రని చుక్కలు, ముక్కు నుంచి రక్తం కూడా కనిపించవచ్చు. ఆరోజే రక్తపరీక్ష చేయించాలి. చెవుల లోపల, మెడకింద, కాలివేళ్ళ సందుల్లో పిడుదులను రోజూ వెదకడం, గోడ పగుళ్ళలో, పడక కింద శుభ్రం చేయడం, వైద్యుడు చెప్పిన మందును సమయానికి వాడటం తప్పనిసరి. అయితే కుక్కలకు వాడే పెర్మెత్రిన్ అనే పిడుదుల మందును పిల్లికి రాస్తే వణుకు, మూర్ఛ వచ్చి చనిపోవచ్చు. రెండూ ఉన్న ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలిసి ఉండాలి.

చిగుళ్ళు పసుపు రంగుకు తిరిగితే కామెర్లు. వానాకాలంలో, ఎలుకలు తిరిగే చోట, లెప్టోస్పైరోసిస్ అనే సూక్ష్మజీవి జబ్బు వల్ల ఇలా కావచ్చు. అది మనుషులకూ సోకుతుంది కనుక ఆ జంతువు మూత్రాన్ని తొడుగులు లేకుండా తాకకూడదు. నీలి రంగు ఊపిరి అందడం లేదనడానికి గుర్తు. ఎండాకాలంలో విపరీతంగా రొప్పుతూ చిగుళ్ళు ఇటుక ఎరుపుకు తిరిగితే వడదెబ్బ. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఇది ఇంకా త్వరగా వస్తుంది. నీడకు చేర్చి, ఒళ్ళంతా మామూలు చల్లని నీళ్ళతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. నోరు అమ్మోనియా వాసన వేస్తూ నాలుక మీద పుండ్లు పడితే మూత్రపిండాలను, తియ్యని పండు వాసన వేస్తే మధుమేహాన్ని పరీక్షించాలి.

తిండి, టీకాలు

పళ్ళు ఎంత బాగున్నా తిండి సరిగా లేకపోతే లాభం లేదు. పెరుగన్నం మీద పెరిగే పిల్లులు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. పిల్లి పూర్తిగా మాంసాహారి. దానికి అవసరమైన టారిన్ అనే పోషకం మాంసంలోనే దొరుకుతుంది, అది చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు. కుక్క అన్నం, కూరగాయలు అరిగించుకోగలదు గానీ మన కూర కలిపిన అన్నం దానికి పెట్టకూడదు, ఎందుకంటే ఉల్లిపాయ, వెల్లుల్లి ఉడికినా సరే ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. పిల్లికి ఇంకా తక్కువ మోతాదులోనే. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అందుకు వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని పశువైద్యులు ఇప్పుడు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో సమృద్ధిగా ఉంటుంది కాబట్టి పులుసు, చారు, పులిహోర కలిపి పెట్టే అలవాటును మానుకోవాలి. చాక్లెట్ కూడా విషమే. పక్కటెముకలు చేతికి తేలికగా తగులుతూ, పైనుంచి చూస్తే నడుము కనిపిస్తూ ఉంటే బరువు సరిగా ఉన్నట్టు.

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున 16 వారాల వరకు వేయించాలి. రేబిస్ టీకా మూడో నెలలో వేయించి, మన దేశంలో సాధారణంగా ఏటా మళ్ళీ వేయిస్తారు. పిల్లికీ రేబిస్ టీకా అవసరమే. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారి రేబిస్ టీకా ఇచ్చిన రోజును ప్రపంచ జూనోసిస్ దినంగా (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినంగా) పాటిస్తూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా ఈ టీకాలు వేస్తుంటారు. వీధి కుక్కలకు అన్నం పెట్టేవారు ఆ రోజున వాటినీ తీసుకువెళితే ఊరంతటికీ మేలు. నులిపురుగులు, ఏలికపాముల మందు కుక్కపిల్లలకు, పిల్లికూనలకు తరచుగా, పెద్దవాటికి మూడు నెలలకు ఒకసారి వేయాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చొని, ముక్కుతూ, చుక్క కూడా పోయలేకపోతుంటే అది గంటల్లో చూడవలసిన అత్యవసరం. మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్నదైతే, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రమాదం వస్తుంది. ఒకటి రెండు పూటలు మానగానే నోరు చూసి వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. పొట్ట ఉబ్బి, వాంతి రాక డోకుతున్న పెద్ద కుక్కను, ఎద అయిన కొన్ని వారాలకు అతిగా నీళ్ళు తాగుతూ నీరసించిన ఆడకుక్కను ఆ రోజే చూపించాలి. రెండోది గర్భసంచిలో చీము కావచ్చు. గర్భసంచి తీసే ఆపరేషన్ ముందుగానే చేయించినవాటికి ఈ బాధ ఉండదు. నిద్రలో నిమిషానికి 30 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే గుండెను, ఊపిరితిత్తులను పరీక్షించాలి. మామూలు ఉష్ణోగ్రత సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది జ్వరానికి కొలత కాదు.

ఏటా ఒకసారి, ఏడెనిమిదేళ్ళు దాటాక ఆరు నెలలకు ఒకసారి వైద్యుడితో నోరు, ఒళ్ళు పూర్తిగా పరీక్ష చేయించండి. వెళ్ళేటప్పుడు టీకాల పుస్తకం, తింటున్న మేత వివరం, ఎప్పటి నుంచి ఏ మార్పు కనిపించిందో రాసుకున్న తేదీలు తీసుకువెళ్ళండి. ఇంట్లో నమలడానికి ఇబ్బంది పడిన జంతువు ఆసుపత్రి బల్ల మీద భయానికి ఏమీ చూపించదు కనుక, అది తినేటప్పుడు ఫోనులో తీసిన చిన్న వీడియో వైద్యుడికి చాలా ఉపయోగపడుతుంది.